అమ్మాజీ జపాన్ భోజనం

ఏప్రిల్ 6, సోమవారం

సుబ్రహ్మణ్యం గారు నా టేబుల్ మీద ఒక చీటీ పడేసి వెళ్ళారు. "జపాన్. ఐదుగురు. తొమ్మిది రోజులు. తిండి హలాల్." ఆయన రాసేది ఎప్పుడూ అంతే. మిగతాది నేను కనిపెట్టుకోవాలి. ట్రావెల్స్ ఆఫీసు ఆయనది, బుర్ర నాది, పేరు మళ్ళీ ఆయనది.

పార్టీ ఎవరంటే, సినిమా ఫైట్ మాస్టర్ మీరావలి గారు. ఆయన, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. మేలో ప్రయాణం.

"హలాల్ అంటే ఏమేం జూస్కోవాలె సార్?" అని అడిగాను.

"మొన్న సేఠ్ గారి ఫ్యామిలీకి చేసిన జైన్ ఫైల్ ఉంది కదమ్మా. దాని పేరు మార్చి పెట్టెయ్. మాంసమే లేని చోట ఇంక హలాల్ గొడవేముంటుంది?"

కవర్ మీద చెర్రీ పూల ఫోటో వెయ్యమన్నారు. మే నెలలో ఆ పూలుండవని చెప్పాను. "ఫోటోలో ఉన్నాయిగా, చాలు" అన్నారు. టికెట్లు చూసే సాయిశ్రీనివాస్ ఇకిలించాడు. వాడు షూటింగ్ యూనిట్ల వెంట నాలుగు దేశాలు తిరిగొచ్చాడు. నేను రెండేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుని ఊరందరినీ దేశాలు తిప్పుతున్నాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటి నేను వెళ్ళిన దూరమెంతో లెక్కేస్తే సిగ్గేస్తుంది.

జపాన్ భాష నాకెవరూ నేర్పలేదు. యూసుఫ్‌గూడ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా షేర్ ఆటోలో ఫోన్ చూసుకుంటూ నేర్చుకున్నాను. చదవడం వచ్చు. రాయడం వచ్చు. మాట్లాడదామంటే ఎవరున్నారు?

ఫైల్ పేరు మార్చాను. ఆరు హోటళ్ళు. పావుగంట పని. మార్చమన్నది ఆయన, నేను కాదు.

ఏప్రిల్ 8, బుధవారం

మీరావలి మాస్టర్ ఆఫీసుకొచ్చారు. ఎడమ మోకాలు వంగదు, కాలు బారజాపి కూర్చుంటారు. పెద్దమనుషులు కాగితం తిరగేసి సంతకం పెట్టి పోతారు. ఈయన ఒక్కో లైను కింద వేలు పెట్టి చదివారు. ఆరు హోటళ్ళ దగ్గర వేలు ఆగింది.

"ఇవి ఎవరు చూశారమ్మా?"

సుబ్రహ్మణ్యం గారు నా వైపు చూశారు.

"నేనే సార్. ఫోన్ జేసి అడిగిన. అన్నిటికి."

"జపాన్ భాషలోనే?"

"నాకు వొస్తది సార్."

అదైతే నిజమే. వచ్చు.

ఆయన అద్దాలు తీసి నన్ను కాసేపు చూశారు. "నా దగ్గర ఓ పద్ధతుందమ్మా. మేడ మీంచి ఫైటర్ దూకాలంటే, తాడు ఎవడు కట్టాడో వాడే ఆ దూకుడు అయ్యేదాకా పట్టుకుని నిలబడాలి. కట్టేసి టీ తాగడానికి పోతానంటే ఒప్పుకోను. ముప్పై ఏళ్ళలో నా దగ్గర ఒక్కడు కూడా చావలేదు. ఈ ప్లాన్ కట్టింది నువ్వు. కాబట్టి నువ్వే మా వెంట రావాలి."

"సాయి అయితే అనుభవం ఉన్నవాడండీ, మాస్టర్..." అని సుబ్రహ్మణ్యం గారు మొదలుపెట్టారు.

"ఈ అమ్మాయే రావాలండీ. లేకపోతే వేరే ఆఫీసు చూసుకుంటాను."

సాయిశ్రీనివాస్ మొహం చూడాల్సింది.

ఏప్రిల్ 9, గురువారం

పాస్‌పోర్ట్ తీసి చూశాను. ముప్పై ఆరు పేజీలు. ఒక్కదాని మీదా ముద్ర లేదు.

ఏప్రిల్ 11, శనివారం

ఆరింటిలో మొదటిది, క్యోటో హోటల్‌కి ఫోన్ చేశాను. ఎత్తారు. మాట్లాడారు. అయిపోయింది. మిగతావాటికి సోమవారం చేస్తాను.

నాన్న కృష్ణానగర్‌లో టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పేశాడట. నాన్నతో సెట్లు కట్టే కార్పెంటర్లంతా అక్కడే పోగవుతారు. "మా పద్మప్రియ జపాన్ వోతుందిరా, మీరావలి మాస్టరే పట్టువట్టి తీస్కవోతుండు" అని. వద్దన్నా ఎర్రగడ్డ మార్కెట్‌కి వెళ్ళి చక్రాల సూట్‌కేస్ తెచ్చాడు. ఎర్ర రంగు. ముందరే ఓ మూల పగిలి ఉంది, నాన్న చూసుకోలేదు. నేను చెప్పలేదు.

ఏప్రిల్ 14, మంగళవారం

ఫిల్మ్‌నగర్‌లో మాస్టర్ ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మగారికి హోటళ్ళ ఫోటోలు చూపించాలి. ఆవిడ పేరు అమ్మాజీ. డెబ్భై ఎనిమిదేళ్ళు. సొంతూరు గుంటూరు దగ్గర. వక్క నములుతూ మాట్లాడుతుంది.

"ఏం పిల్లా, పెళ్ళయిందా?"

"కాలే అమ్మాజీ."

"మంచిది. అయితే మాతో నిశ్చింతగా రావచ్చు."

ట్యాబ్‌లో ఫోటోలు తిప్పాను. రైళ్ళూ టవర్లూ ఆవిడకి పట్టలేదు. తోట పక్కన కూర్చుని టోఫు, అంటే సోయా పన్నీరు, తినే క్యోటో హోటల్ దగ్గర నా చెయ్యి పట్టుకుంది. కిటికీలోంచి చిన్న కొలను, నాచు పట్టిన రాళ్ళు, పొట్టి బల్లల మీద నల్ల గిన్నెలు.

"ఇక్కడ తింటాను" అంది.

కోడలు నవ్వింది. మాస్టర్ నవ్వలేదు. నన్ను వరండాలోకి తీసుకెళ్ళి చెప్పారు. ఇరవై రెండేళ్ళ కింద ఊటీ షూటింగ్‌కి తల్లిని వెంట తీసుకెళ్ళారట. హోటల్ వాడు అన్నీ మీవాళ్ళు తినేవే అని చెప్పి ఫ్రైడ్ రైస్ పెట్టాడు. తిన్నాక తెలిసింది, వేయించింది పంది కొవ్వుతో అని. ఆవిడ రెండు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. కొడుకునీ ఏమీ అనలేదు. కానీ ఆ రోజు నుంచి ఇంటి బయట ఒక్క మెతుకు నోట్లో పెట్టలేదు. పెళ్ళికి వెళ్ళినా చేతిలో స్టీలు డబ్బా. రొట్టె, గుడ్డు, అరటిపండు.

"నేను ఎన్ని దేశాలు తిరిగానో నాకే గుర్తులేదు పద్మా. మా అమ్మని ఒక్క హోటల్లో కూర్చోబెట్టి, నీకేం కావాలమ్మా అని అడగలేకపోయాను. పోయేలోపు ఆవిడ ఎవర్నీ అడక్కుండా, డబ్బా లేకుండా, నలుగురిలా కూర్చుని తినాలి. ఈ ప్రయాణమంతా అందుకే. గుళ్ళూ కొండలూ పిల్లలకి."

నేను తలూపాను. ఇంకేం చెయ్యాలి?

ఏప్రిల్ 15, బుధవారం

తలనొప్పి. పెరుగన్నం తిని పడుకున్నాను.

ఏప్రిల్ 17, శుక్రవారం

క్యోటో వాళ్ళకి మెయిల్ రాశాను. ఊరికే. ఫోన్‌లో మాట్లాడారు కదా, కాగితం మీద కూడా ఉంటే మంచిదని.

శనివారం ఫోన్ గురించి. ఒక ఆడమనిషి ఎత్తింది. నేను నమస్కారం చెప్పాను. ఆవిడ గడగడా ఏదో అడిగింది. రెండేళ్ళ చదువులో ఒక్క ముక్క అందలేదు. పెట్టేశాను. పన్నెండు సెకన్లు. అదే నేను మాట్లాడింది.

మిగతా ఐదింటికీ చెయ్యనే లేదు.

ఏప్రిల్ 20, సోమవారం

జవాబొచ్చింది. మూడుసార్లు చదివాను. తెలుగులో ఇలా ఉంటుంది:

"మా వంటల్లో పంది మాంసం వాడము. కానీ రసంలో సాకే పోస్తాము. టోఫు మీద పూసే పాకంలో మిరిన్ ఉంటుంది. మా సోయా సాస్‌లో కూడా ఆల్కహాల్ కలిసి ఉంది. మీ అతిథులకు తగిన భోజనమని మేము మాట ఇవ్వలేము. ముందుగా అడిగినందుకు కృతజ్ఞతలు."

సాకే అంటే బియ్యపు సారా. మిరిన్ దానికి తియ్యటి చెల్లెలు.

ముందుగా అడిగినందుకట.

ప్రింట్ తీసి సుబ్రహ్మణ్యం గారికి చూపించాను. ఆయన కాగితం వైపు చూడలేదు, తలుపు వైపు చూశారు, ఎవరైనా వింటున్నారేమోనని.

"వీసాకి ఇదే ప్లాన్ పంపాం. ఇప్పుడు కదిలించకు. అక్కడ పెద్దావిడకి ఎవడు చెప్తాడు, జపానోడా?"

"ఆమె తినదు సార్, తెలిస్తె."

"తెలిస్తే కదా! చూడు పద్మా, నోరు మూసుకుంటే నీకు జపాన్, నాకు పార్టీ. తెరిస్తే ఇద్దరికీ ఏం ఉండదు. అయినా ఫోన్ చేశానని చెప్పింది నువ్వు. నేను చెప్పమన్నానా?"

దొంగ. పై నుంచి కింది దాకా దొంగ. ఇలాంటి మనిషి దగ్గర రెండేళ్ళు ఎట్లా చేశానో.

ఏప్రిల్ 21, మంగళవారం

మరిగిస్తే సారా ఆవిరైపోతుందట. నెట్‌లో రాశారు. చాలా చోట్ల రాశారు. కొంచెం మిగులుతుందని కూడా కొందరు రాశారు, కానీ చాలా కొంచెం.

వాసన కూడా రాదట.

ఏప్రిల్ 22, బుధవారం

మిగతా ఐదింటికీ మెయిల్ పెట్టాను. సాయంత్రానికి నాలుగు జవాబులు. మూడింటిలో మిరిన్. ఇంకొకటి అడిగితే శాకాహారం చేసిపెట్టే మాంసం హోటలే; కోడి హలాల్ దుకాణం నుంచే వస్తుందట, కానీ పందికీ మిగతా అన్నిటికీ ఒకటే మూకుడు.

ఆవిరైపోతుందని నిన్న రాసింది చదివాను. మూకుడు ఆవిరైపోదు.

ఏప్రిల్ 24, శుక్రవారం

మధ్యాహ్నం అమ్మాజీ ఫోన్. ఆవిడే స్వయంగా.

"ఇదిగో పిల్లా, 'ఇది ఇవ్వండి' అని వాళ్ళ భాషలో ఎట్లా అడగాలి?"

"ఎందుకమ్మాజీ? నేనుంటా గద."

"నువ్వు అడిగితే నేను తిన్నట్టేంటి? నేనే అడుగుతాను. చెప్పు."

"కొరె కుదసాయ్."

"కొరె... కుదసాయి. కొర్రమీనులో కొరె, గుర్తుంటుందిలే." ఫోన్ పెట్టకుండా పక్కకి తిరిగి మనవరాలికి చెప్పి చూపించింది. వెనక నుంచి చప్పట్లు వినిపించాయి.

నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. ఏడవలేదు. ఎందుకేడవాలి? నాకు వాళ్ళేమైనా చుట్టాలా? వాళ్ళ ప్రయాణం నాకో పని, దానికి జీతముంది, అంతే.

ఏప్రిల్ 25, శనివారం

చెప్పేశాను.

ఆఫీసుకి వెళ్ళకుండా నేరుగా మాస్టర్ ఇంటికి వెళ్ళాను. ఆయన మోకాలికి వేణ్ణీళ్ళ బుడ్డి పెట్టుకుని కూర్చున్నారు. అమ్మాజీ పక్కనే చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఆవిడ లోపలికి వెళ్తే చెబుదామని చూశాను. వెళ్ళలేదు. ఇంక ఆగితే చెప్పనని నాకే తెలిసిపోయింది.

"సార్, నేను ఫోన్ చెయ్యలె. ఒక్కదానికి జేసి భయపడి పెట్టేసిన. ఆ ఆరు హోటళ్ళు జైన్ ఫైల్‌ల ఉన్నయే. పేరు మార్చిన, అంతే. ఇప్పుడు మెయిల్ పెట్టి అడిగిన. ఐదిట్ల కుదరదు. తోట ఉన్న హోటల్‌ల కూడ సారా పోస్తరట. ఒకటి ఇంక జవాబే ఇయ్యలె."

జవాబుల కాగితాలు బల్ల మీద పెట్టాను. మాస్టర్ ముట్టుకోలేదు.

"మీ ఆఫీసు వాళ్ళు చెప్పమన్నారా, ఫోన్ చేశానని?"

అవునని చెప్పొచ్చు. సుబ్రహ్మణ్యం గారి మీద నాకున్న కోపానికి ఆ ఒక్క మాట సరిపోయేది. నోటి దాకా వచ్చింది.

"లేదు సార్. అది నేనే చెప్పిన."

అమ్మాజీ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది. ఆవిడ అరిచినా బాగుండేది. "సరేలే, డబ్బా పట్టుకుపోదాం రా అబ్బాయ్" అని కొడుకుతో అంది. నా వైపు చూడకుండా. ఆ గొంతు నాకు చెవుల్లోంచి పోవడం లేదు.

మాస్టర్ లేచి గేటు దాకా వచ్చారు, కుంటుకుంటూ.

"ముడి సరిగ్గా లేదని దూకకముందే చెప్పావు. అందుకని పని నీ దగ్గరే ఉంచుతాను. హోటళ్ళు మళ్ళీ నువ్వే చూడాలి, ఈసారి నిజంగా. కానీ చూడకుండా చూశానన్నావు. తాడు నీ చేతికివ్వను. మాతో నువ్వు రావద్దు."

"సరే సార్."

"సరే కాదు. అర్థమైందా?"

"అయింది సార్."

ఏప్రిల్ 26, ఆదివారం

నాన్నకి చెప్పాను. "గట్లెందుకు జెప్పినవ్ బిడ్డా? జర నోరు మూస్కుని ఉంటె ఎవలికి ఎర్క?" అన్నాడు. కాసేపటికి ఆయనే, "ఆ ముసలామెకి ఎర్కయితుండె" అన్నాడు. సూట్‌కేస్ మంచం కిందికి తోశాడు. టీ కొట్టుకి వెళ్ళలేదు ఇవాళ.

ఏప్రిల్ 27, సోమవారం

సుబ్రహ్మణ్యం గారు గంటసేపు అరిచారు. పార్టీ పోలేదు కాబట్టి నన్ను పీకెయ్యలేదు. నా బదులు సాయిశ్రీనివాస్ వెళ్తాడు.

"నీ పుణ్యాన నాకు అయిదో దేశం. నీకేం తేవాలి? చాక్లెట్లా?" అన్నాడు.

"నోరు మూస్కోని మిరిన్ అంటే ఏందో నేర్చుకో" అన్నాను.

మే 4, సోమవారం

వారం నుంచి ఫోన్లే. మనకంటే వాళ్ళ గడియారం మూడున్నర గంటలు ముందు. మనకి పదకొండు కొడితే వాళ్ళ హోటళ్ళలో మధ్యాహ్నం భోజనాలైపోయి కాస్త తీరిక దొరుకుతుంది. అప్పుడు చేస్తాను. "నాకు మీ భాష కొంచెమే వచ్చు, దయచేసి నెమ్మదిగా" అనే వాక్యం కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఎదురుగా పెట్టుకున్నాను. రెండో హోటల్లో ఒకాయన విసుక్కుని పెట్టేశాడు. మళ్ళీ చేశాను. మళ్ళీ పెట్టేశాడు. నాలుగోసారి వాళ్ళావిడ ఎత్తి పది నిమిషాలు ఓపిగ్గా చెప్పింది.

ప్రతి చోటా అవే ప్రశ్నలు. మాంసం ఎక్కడిది. సాకే, మిరిన్ పడతాయా. సోయా సాస్ ఏది. నూనె ఏది. గిన్నెలు వేరా. కత్తులు వేరా. హలాల్ అని బోర్డున్న చోట కూడా అడిగాను. ఒక చోట బోర్డుంది కానీ అదే గదిలో బీరు కూడా పోస్తారు. అది మాస్టర్‌కి రాసి పంపాను. "వద్దు" అని ఒక్క ముక్క జవాబు.

క్యోటోలో ఎనిమిది చోట్ల కాదన్నారు. తొమ్మిదోది ఒక సందులో, ఒక జపానామె, ఆమె తుర్కీ భర్త కలిసి నడిపే ఇల్లు లాంటి హోటల్. సారా గడపే దాటదట. సాస్ వాళ్ళే కాచుకుంటారట. టోఫు ఉంది. తోట లేదు. తలుపు పక్కన రెండు పూలకుండీలున్నాయని ఆవిడే చెప్పింది, తోట ఉందా అని నేను అడిగిన తీరుకి జాలిపడి.

తోట లేదని అమ్మాజీకి ఎలా చెప్పాలో తెలియలేదు. మాస్టర్ ఫోన్‌కి మెసేజ్ పెట్టాను. జవాబు రాలేదు. అమ్మాజీ కూడా మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

మే 11, సోమవారం

వెళ్ళారు. సాయిశ్రీనివాస్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఫోటో పెట్టాడు. అందరూ ఉన్నారు. అమ్మాజీ చేతిలో స్టీలు డబ్బా ఉంది.

మే 13, బుధవారం

టోక్యోలో రెండు పూటలు బయట తిన్నారట. సాయిని అడిగాను, పెద్దావిడ తిన్నదా అని. "డబ్బాలోది తింది. హోటల్ గదిలో గుడ్లు ఉడకబెట్టుకుంటున్నారు" అన్నాడు.

నాకిలా కావాల్సిందే.

మే 15, శుక్రవారం

ఇవాళ క్యోటో. వాళ్ళకి రాత్రి ఏడింటికి భోజనం, ఇక్కడ మూడున్నర. మూడింటి నుంచి ఫోన్ ఎదురుగా పెట్టుకుని వేరే పార్టీ వీసా ఫారాలు నింపుతున్నాను. ఒకే పేరు రెండుసార్లు తప్పు రాశాను. మూడున్నర అయింది. నాలుగయింది. సాయిని అడగలేదు. మళ్ళీ గుడ్లే అని వింటే నా వల్ల కాదు.

నాలుగూ ఇరవైకి వీడియో కాల్. సాయి నంబరు. తీరా ఎత్తితే తెర నిండా అమ్మాజీ ముక్కు.

"ఏం పిల్లా, ఉప్పనేది ఎరుగరా వీళ్ళు?"

ఆవిడ మొహమంతా కనిపించేలా ఫోన్ కొంచెం దూరం పెట్టమన్నాను.

"నిన్నే! ఈ తెల్లముక్క చప్పగా ఏడ్చింది. పచ్చిమిరపకాయ లేదు, అల్లం లేదు. రసం చూస్తే సముద్రంలో చేపని ముంచి తీసినట్టుంది. ఇంతింత గిన్నెల్లో పెడతారేంటి, పిల్లికి పెట్టినట్టు? రెండుసార్లు అడిగి తెప్పించుకోవాల్సి వచ్చింది. ఇట్లాంటి చోటు చూసిపెట్టడానికా నువ్వు నెల రోజులు ఫోన్లు చేసింది?"

"అమ్మా, అందరూ చూస్తున్నారు, మెల్లగా" అని మాస్టర్ గొంతు వెనక నుంచి వచ్చింది. తడిసినట్టుంది ఆ గొంతు.

"చూడనీ. తిన్నదాన్ని నేను, చెప్పుకోనా? వండటం రాకపోయినా ఈ హోటల్ అమ్మాయి మర్యాదస్తురాలు, పాపం." ఫోన్ పక్కకి తిరిగింది. పొట్టి బల్ల మీద నాలుగు నల్ల గిన్నెలు, నాలుగూ ఖాళీ. డబ్బా ఎక్కడా కనిపించలేదు. మళ్ళీ ముక్కు. "రేపు మధ్యాహ్నం కూడా ఇక్కడికే వస్తానని మా వాడికి చెప్పాను. వాళ్ళ భాషలో ఆ పిల్లకి చెప్పు, ఉప్పు వెయ్యమని."

ఇది మనం తినొచ్చా అని ఆవిడ అడగలేదు. మొదటి నుంచి చివరి దాకా ఆ మాటే ఎత్తలేదు.

"చెప్తా అమ్మాజీ" అన్నాను. పెట్టేసింది.

సుబ్రహ్మణ్యం గారు అద్దాల గదిలోంచి, "ఏంటమ్మా, కంప్లయింటా?" అని అరిచారు.

"అవును సార్. పెద్ద కంప్లయింటే."

నీరసంగా ఉంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. క్యోటో హోటల్‌కి మెయిల్ రాశాను, తప్పులుంటాయేమోనని రెండుసార్లు చూసుకుని:

"ఈ రోజు మీ దగ్గర భోజనం చేసిన పెద్దావిడ రేపు మధ్యాహ్నం మళ్ళీ వస్తారు. దయచేసి బల్ల మీద ఉప్పు పెట్టండి."